పందెపు పట్టీలు, ఇంటి కారులు



ఆకాశవాణివారు మీతో కొంతసేపు ముచ్చటింపుమని నన్ను కోరినపుడు, నేను ఏ పురాణకథనో, ఏ శతకకవినో ఎన్నుకొందునని వారు తలచియుందురు. ముప్పది రెండేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవాడను. గోదావరి యొడ్డున, మంత్రపురియని పెద్దలు పిలిచిన మంథనిలో, తెల్లవారుజామున వేదపాఠము వినుచు పెరిగినవాడను. అట్టివాని నోట మోటారుకారు మాట వెలువడునని ఎవరూహింతురు? కాని 2024వ సంవత్సరము కార్తికమాసమున మా కుటుంబమునకు జరిగిన యొక సంగతి నాచేత ఈ విషయమును చదివించినది, తెలిసినవారిని అడిగించినది, తుదకు మీ యెదుట మాటాడించుచున్నది. నేడు పిల్లలు పట్టణమునుండి పండుగకు వచ్చిరనిన, కారుమీద వచ్చిరనియే యర్థము. వచ్చినవారు మొదట చేయుపని ఇంటిలోని వృద్ధులను ఎక్కించుకొని గుడికో, చుట్టాల యింటికో తీసికొనిపోవుట. కనుక ఇది కుఱ్ఱవాండ్ర విషయమని మనము త్రోసివేయరాదు.

కారులో కూర్చున్నవానిని ఆసనమునకు పట్టియుంచు పట్టీని సీటుబెల్టు అందురు. అది మీరందరును చూచినదే. నేను చెప్పబోవునది దానిని గూర్చి మాత్రమే కాదు. దానిని ప్రక్కకు త్రోసి, దాని స్థానమున పందెపు కారులలో వాడు నాలుగు పట్టీల, ఆరు పట్టీల సామగ్రిని, హార్నెస్ అనుదానిని, ఇంటికారులో బిగించుకొను క్రొత్త ముచ్చటను గూర్చి.

మా అక్కగారి కుమారుడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. బుద్ధిమంతుడు; పెద్దలయెడ భక్తి గలవాడు; మద్యపానము లేదు, మితిమీరిన వేగము లేదు. వానికున్న పిచ్చి ఒక్కటియే, కారుపందెములు. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరు గట్టున ఫార్ములా-ఈ అను విద్యుత్కారుల పందెము జరిగినది. ఆ పోటీ మన దేశమున జరుగుట అదే మొదలు. ప్రతిదినము జనులు తిరుగు వీధులనే మూసివేసి, ఇరుప్రక్కల అడ్డుగోడలు నిలిపి, సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టును సిద్ధపఱచిరి. ఫ్రాన్సుదేశీయుడైన జాఁ ఎరిక్ వెర్న్ గెలిచెను. మావాడు ఆనాడు మెట్లమీద కూర్చుండి చూచివచ్చి, నెలదినములు మఱియొక మాట మాటాడలేదు.

కొన్ని నెలలకు మంథని వచ్చినపుడు వాని కారులో ముందరి రెండు ఆసనములకును ఎఱ్ఱని వెడల్పాటి పట్టీలు వ్రేలాడుచుండెను. రెండు భుజములమీదుగా రెండు, నడుమునకు ఇరువైపుల రెండు. అన్నియు బొడ్డుకడ ఒక గుండ్రని గొళ్ళెములో కలియును. "మామయ్యా, ఇది పందెంలో వాడేది. మామూలు బెల్టుకన్న నాలుగింతలు గట్టిది. నీకేం భయం లేదు" అని చెప్పెను. వాడు చూచిన పందెపుకారులో కాళ్ళసందునుండి వచ్చు పట్టీలు కూడ ఉండెననియు, అవి పంచె కట్టుకొన్నవారికి ఇబ్బందియని తాను బిగింపించలేదనియు వాడే చెప్పెను. నాపై గౌరవముచేత చేసిన పనియే! ఆ గౌరవము నా కడుపునకు ఎంత చేటు తెచ్చెనో తరువాత విన్నవించెదను.

భుజపు పట్టీల వెనుకకొసలను ఎక్కడ కట్టితివని ఆనాడు నేనడుగలేదు. అడిగినను నాకు అర్థమయ్యెడిది కాదు. వెనుక ఆసనములకు కారు చేసినవారు అమర్చిన బెల్టులను ఊడదీసి, ఆ బందములకే వీనిని బిగించియుండిరి. అనగా ముందరివారికి పందెపు కట్టు కలుగుటకై, వెనుకవారికున్న మామూలు కట్టు కూడ పోయినది. బిగించిన దుకాణమువాడు ఈ మాట చెప్పలేదు, మావాడు ఆలోచింపలేదు.

కార్తికమున కాళేశ్వర దర్శనమునకు బయలుదేరితిమి. మేనల్లుడు చక్రమువద్ద, వాని ప్రక్కన నేను, వెనుక మా యింటావిడ. నాకు ఆ పట్టీలు బిగించుటకే వానికి చాలసేపు పట్టినది. మంథని దాటి కాటారము మీదుగా మహదేవపురము వైపు పోవు త్రోవ మీలో పెక్కురెఱుగుదురు. ఇరువైపుల అడవి, నడుమనడుమ ఇసుకలారీలు, సాయంకాలమైనచో మేతనుండి మరలు గొడ్లు. దర్శనము చేసికొని తిరిగి వచ్చుచుండగా, ఒక మలుపువద్ద బఱ్ఱెలమంద త్రోవకు అడ్డముగా దిగినది. ఆ మలుపువద్ద ఎవరైనను కొంచెము ముందునకు వంగి, ప్రక్కకు తొంగి చూతురు. మావానికి వంగుటకు వీలులేదు. పట్టీలు వీపును ఆసనమునకు అంటగట్టియున్నవి. బఱ్ఱె కనబడినపుడు బ్రేకు త్రొక్కెను. కారు నిలిచినది. బఱ్ఱెకు దెబ్బ తగులలేదు. మేమిరువురము కదలలేదు.

వెనుకనుండి "అయ్యో" యని ఒక కేక. నా ఆసనపు వెనుక భాగమునకు ఏదో బలముగా తగిలినది.

నేను తల త్రిప్పబోతిని. భుజములు కదలలేదు. గొళ్ళెము విప్పబోతిని. మామూలు బెల్టునకు ఎఱ్ఱని మీట యుండును, నొక్కిన ఊడును, దీనిని త్రిప్పవలెనట. చీకటిలో, వణకుచున్న వ్రేళ్ళతో, అది నాకు దొరకలేదు. నలువదేండ్లు నాతో కాపురము చేసిన యిల్లాలు వెనుక మూలుగుచుండగా, ఏమైనదో చూచుటకు కూడ వీలులేక కూర్చుండిన ఆ కొన్ని క్షణములు నాకు ఇంకను కలలో వచ్చుచున్నవి. ఆమెకు మణికట్టు విఱిగినది, పెదవి చిట్లినది. అంతటితో పోయినందుకు ఆ ముక్తేశ్వరునికే నమస్కారము. నాకు పైకి గాయము లేదు గాని, నడుముపట్టీ పైకి జరిగి పొట్టలో గ్రుచ్చుకొని, ఎనిమిది దినములు అన్నము సహింపలేదు.

వైద్యుడు నా పొట్టమీది నల్లని చాఱను చూచి, "పంతులుగారూ, బెల్టు ఇక్కడికెట్ల వచ్చింది? ఇది తుంటిమీద ఉండాలెగద" అనెను. ఆ యొక్క ప్రశ్న నన్ను చదువునకు పురికొల్పినది. పండితులకు ఒక దురలవాటు గలదు, ప్రశ్నకు సమాధానము దొరకువఱకు నిద్రపట్టదు.

మొదట మామూలు బెల్టును అర్థము చేసికొందము. గంటకు 54 కిలోమీటర్ల వేగముతో పోవు కారు చెట్టునకు కొట్టుకొన్నచో, అందులోనివాడు కట్టులేకయుండిన, పదకొండు మీటర్లకు పైబడిన యెత్తునుండి నేలమీద పడినంత వేగముతో ఎదురుగా నున్నదానికి తగులును. అనగా ఒక మోస్తరు తాటిచెట్టుపైనుండి పడినట్లే. మోటారులో కూర్చున్నపుడు ఆ యెత్తు మనకు కనబడదు. కనబడకపోవుటచేతనే భయము లేదు. ఈ పడుటను ఆపుటకు మొదట విమానములలోవలె నడుమునకు మాత్రమే పట్టీ కట్టిరి. అపుడు నడుము నిలిచి, మొండెము మడతపడి, తల ముందునకు కొట్టుకొనెడిది. 1959వ సంవత్సరమున స్వీడన్ దేశమునందలి వోల్వో కంపెనీలో నీల్స్ బోలిన్ అను ఇంజనీరు ఇప్పటి బెల్టును రూపొందించెను. అతడు అంతకుముందు సాబ్ విమానశాలలో, ఆపద వచ్చినపుడు చోదకుని బయటికి చిమ్ము ఆసనములు చేసినవాడు. విమానచోదకుని కట్టులెంత గట్టివో ఎఱిగియు, ఇంటికారునకు అవి పనికిరావని గుర్తించుటయే అతని ఘనత. ఇంటికారులోనివాడు ఒంటిచేతితో, ఒక్క క్షణములో కట్టుకొనవలెను. లేకున్న కట్టుకొననే కట్టుకొనడు. కనుక ఒకే పట్టీని భుజమునుండి ఎదమీదుగా ఏటవాలుగా దించి, తుంటిమీదుగా అడ్డముగా త్రిప్పి, మూడుచోట్ల నిలిపెను. వోల్వోవారు ఆ పేటెంటును తమకే దాచుకొనక, ఇతర తయారీదారులు కూడ వాడుకొనుటకు విడిచిరి. వ్యాపారులు చేసిన పుణ్యకార్యములలో దీనిని నేను ముందు లెక్కింతును. 1967లో బోలిన్ ఇరువది ఎనిమిదివేల ప్రమాదములను పరిశీలించి యొక నివేదిక చదివెను. బెల్టు కట్టుకొన్నవారిలో గంటకు సుమారు 96 కిలోమీటర్లకు లోబడిన వేగమున ఒక్కరును చనిపోలేదు. కట్టుకొననివారు తక్కువ వేగమున కూడ చనిపోయిరి.

ఆ బెల్టు ఒక రీలునకు చుట్టుకొనియుండును. మనము మెల్లగా వంగిన అది విడుచును. వెనుకకు వాలిన తిరిగి చుట్టుకొనును. గట్టిగా గుంజిన వెంటనే పండ్లు పట్టుకొని బిగిసిపోవును. మంచి పాలేరు ఎద్దు పలుపును పట్టుకొన్నట్లుండును ఆ పని. మేయుచున్నంతసేపు వదులు, బెదరిన క్షణమున బిగువు. ఇటీవలి కారులలో ఇంకను సూక్ష్మమైన యేర్పాటులున్నవి. ఢీకొన్న తత్క్షణమే బెల్టును వెనుకకు లాగి వదులు తీసివేయు యంత్రమొకటి. పిదప ఎదయెముకలు విఱుగకుండ కొలత ప్రకారము కొంచెము కొంచెము విడుచునది మఱియొకటి. ఎదుటనుండి ఉబ్బివచ్చు గాలిసంచి, అనగా ఎయిర్‌బ్యాగు, ఈ బెల్టు ఎంత విడుచునో లెక్కించియే అమర్పబడినది. ఇదంతయు ఒకే వాక్యములోని కర్త, కర్మ, క్రియలవంటిది. ఒకదానిని మార్చి తక్కినవానిని అట్లే యుంచిన అన్వయము చెడును.

ఇక పందెపు కారు. అదియును ఒక సంపూర్ణ వాక్యమే. దాని వ్యాకరణము వేఱు. ఆ చోదకుడు కాళ్ళు ముందుకు చాచి, వెనుకకు వాలి, తన శరీరపు కొలతకు చేసిన దొప్పవంటి ఆసనములో కూర్చుండును. పట్టీలు ఊపిరి కష్టమగునంతగా బిగింపబడును. తఱచుగా ఆ బిగించుపని ప్రక్కవారే చేయుదురు. కాళ్ళసందునుండి వచ్చు రెండు పట్టీలు గొళ్ళెమును క్రిందికి పట్టియుంచును. తలకు శిరస్త్రాణము. ఆ శిరస్త్రాణమునకు మెడచుట్టు హాన్స్ అను నొక గట్టి పట్టెడ తగిలించియుండును. శరీరము చుట్టు ఉక్కుకమ్ముల పంజరమో, దానివంటి దృఢమైన గూడో ఉండును. ఎదుటినుండి బండ్లు రావు; బఱ్ఱెలు అసలే రావు. ప్రమాదము జరిగిన నిమిషములో ఆ గొళ్ళెము విప్పుట తెలిసినవారు పరుగెత్తుకొని వత్తురు.

ఇన్నింటిలోనుండి ఎఱ్ఱపట్టీలను మాత్రము తెచ్చి ఇంటికారులో తగిలించిన ఏమగును? ఒక్కొక్కటిగా చెప్పుదును, ఏలయన చెడు ఎక్కడ దాగియున్నదో కుఱ్ఱవాండ్రకు మనము చెప్పగలుగవలెను. "వద్దు" అను ఒక్కమాటతో వారు వినరు.

నా పొట్టకు జరిగినది మొదటిది. కారు ఆగినపుడు నా శరీరము భుజపట్టీలను ముందునకు నెట్టినది. అవి గొళ్ళెమును పైకి లాగినవి. దానిని క్రిందికి పట్టియుంచవలసిన కాళ్ళసందు పట్టీలు లేవు. అందుచేత నడుముపట్టీ తుంటియెముకను విడిచి మెత్తని పొట్టమీదికి ఎక్కినది. తుంటియెముక దెబ్బను ఓర్చుకొనును. పొట్టలోని ప్రేవులు, కాలేయము, ప్లీహము ఓర్చుకొనలేవు. మాకు తగిలినది బ్రేకు కుదుపు మాత్రమే. అదే గోడకు గ్రుద్దుకొన్నచో, మనిషి పట్టీక్రిందినుండి జాఱిపోయి, లోపలి యవయవములు చితికిపోవును. నీటిలో మునుగు ఓడపేర దీనిని సబ్‌మెరైనింగ్ అందురు.

రెండవది వెన్నెముక. భుజపట్టీలు భుజముల యెత్తుననో, అంతకు కొంచెము దిగువనో వెనుకకు సాగి బిగింపబడవలెను. ఇంటికారులో ఆ యెత్తున గట్టి కమ్మి యుండదు గనుక, వెనుక నేలకో, వెనుక ఆసనపు అడుగునకో కట్టుదురు. ఢీకొన్నపుడు అవి భుజములను నేలవైపునకు త్రొక్కును. హమాలీ నెత్తిమీద ఒక్కసారిగా బస్తా విసరినట్లు, వెన్నుపూసలు ఒకదానిపై నొకటి నలుగును.

మూడవది మెడ. మామూలు బెల్టు మొండెమును కొంత ముందునకు సాగనిచ్చును, తలయును దానితో కూడ సాగును. హార్నెస్ మొండెమును కదలనీయదు. తల మాత్రము తన బరువుతో ముందునకు విసరబడును. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అమెరికాలోని డేటోనా పందెములో డేల్ ఎర్న్‌హార్ట్ అను గొప్ప చోదకుడు కపాలపు అడుగుభాగము విఱిగి మరణించెను. అతడు హాన్స్ పట్టెడ ధరింపలేదు. రాబర్ట్ హబ్బార్డ్ అను ఆచార్యుడును, జిమ్ డౌనింగ్ అను చోదకుడును దానిని 1980ల తొలినాళ్ళలోనే చేసియుండిరి. పెక్కుమంది ఇబ్బందియని తొడుగుకొనలేదు. ఆ మరణము తరువాత అట్టి పట్టెడ లేనిదే పందెమునకు దిగనీయమని అచటివారు ఆ యేడే శాసించిరి. ఫార్ములా-వన్ పందెములలో 2003 నుండి నియమమైనది. కంపెనీకి పోవు మా మేనల్లుడు మెడకు పట్టెడ కట్టుకొని పోవునా?

నాలుగవది పైకప్పు. కారు తలక్రిందులైనపుడు ఇంటికారు కప్పు కొంత క్రిందికి క్రుంగవచ్చును. మూడుచోట్ల కట్టిన బెల్టులో మొండెము ప్రక్కకు ఒరుగుటకు కొంత వీలుండును. హార్నెస్‌లోనివాడు నిలువుగా, స్తంభమునకు కట్టినట్లు, క్రుంగివచ్చు కప్పుక్రింద నిలిచియుండును. అయిన ఉక్కుపంజరము కూడ పెట్టింతునని కొందఱందురు. శిరస్త్రాణము లేని తలకు ఆ యుక్కుకమ్మియే సుత్తి. ఒకదానిని సరిచేయబోయిన మఱియొకటి చెడుచున్నది. తుదకు ఇంటికారును పూర్తిగా పందెపుకారు చేసినగాని లెక్క సరిపోదు, అపుడది ఇంటికారు కాదు.

జర్మనీలో ష్రోత్ అను కంపెనీవారు వీధికారుల కొఱకై, ఒక భుజపట్టీ కొంత సాగునట్లు చేసి, ఈ జాఱుడును తగ్గించు పట్టీలు చేసినమాట నిజమే. అవి కూడ వారు పేర్కొన్న కారులకు, వారు చెప్పిన బందములకే. మన విపణిలో తక్కువ వెలకు దొరకు ఎఱ్ఱపట్టీలను వానితో పోల్చరాదు.

వీనికన్న చిన్నదిగా కనబడి, నిజముగా ఎక్కువ చెఱుపు చేయునది ఇంకొకటి గలదు. హార్నెస్‌ను ప్రతిసారి బిగించుట విసుగు. మావాడే ఒప్పుకొనెను, మంథని బజారునకు పాలకు పోవునపుడు దానిని కట్టుకొనెడివాడు కాడట. కట్టుకొన్నను మీటలు అందవని భుజపట్టీలు వదులుచేసికొనెడివాడట. రీలు లేని పట్టీ వదులైన, అది పట్టుకొనకముందే శరీరము వేగము అందుకొనును. మఱి మామూలు బెల్టు పెట్టుకొననిచో కారు కూయునుగదా అంటిని. దాని గూటిలో ఒక ఉత్తి కొక్కెమును గ్రుచ్చి కూత మాన్పించెనట! అట్టి కొక్కెములను అంతర్జాలపు అంగళ్ళలో అమ్మరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023వ సంవత్సరము మే నెలలో ఐదు సంస్థలకు ఆజ్ఞలిచ్చి, 13,118 ప్రకటనలను తీసివేయించినది. కాపలాకుక్క మొఱుగుచున్నదని దాని మూతి కట్టివేసి నిద్రించువారు మనలో నింతమంది యున్నారు.

ఈ పట్టీల సంగతి మా ఊరి గీతకార్మికుడు ఒకనికి చెప్పగా, వాడు నవ్వి తన మోకు చూపినాడు. తాటిచెట్టునకును తన నడుమునకును కలిపి వేసికొను ఆ త్రాడును అడుగడుగునకు పైకి జరుపుకొనుచు ఎక్కును. "దీన్ని ఈత చెట్టుకొకతీరు, తాటి చెట్టుకొకతీరు వేస్తం సారూ. పక్కోని మోకు నాకు సరిపడదు" అనెను. నేను ఇన్ని పుస్తకములు చదివి తెలిసికొన్న దానిని వాడు త్రాటితో చెప్పెను. 2024వ సంవత్సరమున మన రాష్ట్రప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచము పేర గీతకార్మికులకు క్రొత్త పట్టీలసామగ్రి పంచనారంభించినది. చెట్టు ఎక్కువాని పనిని చూచి, దానికై చేసిన కట్టు అది. పర్వతారోహకుని సామగ్రి అనియో, విమానచోదకుని సామగ్రి అనియో ముచ్చటపడి తెచ్చినది కాదు. విమానములోనే చూడుడు, చోదకునికి భుజములపట్టీ గలదు, ప్రయాణికునికి నడుముపట్టీయే. ఒకే విమానము, రెండు పనులు, రెండు కట్లు. మన కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను చెప్పినది. అందు పగ్గములు గుర్రములకే గాని సారథికి వేయుమని లేదని మా సహాధ్యాయి యొకడు పరిహాసమాడెను. సారథికి కూడ కట్టు కావలసిన కాలము వచ్చినది. ఏ కట్టు అన్నదే ప్రశ్న.

ఇక వెనుక కూర్చుండువారి మాట. ఇది మా యింటావిడ మణికట్టు మాట గనుక కొంచెము ఆవేశముతో చెప్పినను మన్నింపుడు. వెనుకవారికి బెల్టు అక్కఱలేదను భ్రమ మన దేశమున ఊరూరను గలదు. 2022వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన పారిశ్రామికుడైన సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలో పాల్ఘర్ సమీపమున సూర్యానది వంతెనపై కారుప్రమాదమున మరణించెను. ఖరీదైన కారు; వెనుక ఆసనము; బెల్టు పెట్టుకొనలేదు. ముందున్న ఇద్దఱును గాయములతో బ్రతికిరి. మన తెలుగువారిలో 2018వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన నందమూరి హరికృష్ణగారు నల్లగొండ జిల్లా అన్నెపర్తి వద్ద తామే కారు నడుపుచు ప్రమాదమునకు గురియై మరణించిరి. బెల్టు లేకపోవుటచే బయటికి విసరబడిరని వార్తలు వచ్చినవి. తండ్రిగారి చైతన్యరథమును ఊరూర నడిపిన చేయి అది. నేర్పు లోపించినవారని వారిని ఎవరనగలరు? నేర్పు చక్రము త్రిప్పుటకు ఉపకరించును. కారు పల్టీకొట్టినపుడు పట్టుకొనునది పట్టీయే.

కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు త్రోవలపై 1,68,491 మంది మరణించిరి. వారిలో బెల్టు పెట్టుకొనక చనిపోయినవారు 16,715 మంది. అందు నడుపువారు 8,384, కూర్చున్నవారు 8,331. ఈ రెండు అంకెలు ఎంత దగ్గఱగా నున్నవో గమనింపుడు; మృత్యువు చక్రమువద్దివానికిని ప్రక్కవానికిని భేదమెంచలేదు.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణచే 194బి సెక్షను చేరినది; బెల్టు పెట్టుకొనకున్న వేయి రూపాయల జరిమానాయని అందు వ్రాసిరి. ముందుచూపుగల వెనుక ఆసనములవారును బెల్టు పెట్టుకొనవలెనని నియమములలో గలదు. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నముగా వాహనమును మార్చరాదని 52వ సెక్షను. అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి ఐదువేల రూపాయల జరిమానా, లేక ఆఱునెలల వఱకు చెఱ, లేక రెండును అని 182ఏ సెక్షను. ఈ సంగతి చెప్పగా మా మేనల్లుడు తెల్లబోయెను. దుకాణమువాడు వానికి రసీదు ఇచ్చెనుగాని ఈ మాట చెప్పలేదు.

మీరు పెండ్లికో, తీర్థమునకో బాడుగకారు మాటాడునపుడు ఒక పని చేయుడు. ఎక్కకమునుపే వెనుక తలుపు తెఱచి, ఆసనపు సందులో చేయిపెట్టి బెల్టుగూడు ఉన్నదో లేదో తడవి చూడుడు. క్రొత్త ఆసనపు తొడుగులు వేయించి, గూళ్ళను వానిక్రింద పూడ్చివేసిన కారులు నేను లెక్కలేనన్ని చూచితిని. తొడుగు విప్పి గూడు బయటికి తీయుమనుడు. డ్రైవరు నవ్వును, నవ్వనిండు. నడుముపట్టీని పొట్టమీద కాక తుంటిమీద, కూర్చున్నపుడు తొడలు మడతపడు చోటున, ఆనించుకొనుడు. పంచె కుచ్చిళ్ళపైనుండి కాక వానిని సర్దుకొని క్రిందుగా పెట్టుకొన్న జాఱదు. ఆడువారు చీరచెఱగును పట్టీక్రింద ముద్దగా ఉంచరాదు. గర్భవతులు పట్టీని పొట్టక్రిందుగా పెట్టుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. ఎదపట్టీని చంకక్రిందికి త్రోసికొను అలవాటు కొందఱికి గలదు. అది ప్రక్కటెముకలకు చేటు.

మీ యింటికి వచ్చు కుఱ్ఱవాని కారులో ఎఱ్ఱపట్టీలు కనబడిన తిట్టకుడు. పందెములయందు ప్రీతి దోషము కాదు. "వెనుక బెల్టు లున్నవా? ఈ పట్టీల కొసలు ఎక్కడ కట్టినావు? కాళ్ళసందు పట్టీ యేది? తలకు ఏమి పెట్టుకొందువు?" అని అడుగుడు. నేను మా మేనల్లుని ఇవియే యడిగితిని. మొదటి ప్రశ్నకే వాడు తల వంచుకొనెను. ఏమనిన, ఆనాడు ఆసుపత్రి అరుగుమీద అత్తయ్య కట్టుచేతిని చూచి, వాడు చిన్నపిల్లవానివలె ఏడ్చెను. ఆమెయే వానిని ఊరడింపవలసి వచ్చినది.

వాడు హైదరాబాదునకు పోయి, కంపెనీవారి సేవాకేంద్రములో పాత బెల్టులను తిరిగి పెట్టింపించి, ఉత్తి కొక్కెములను పాఱవేసెను. ఎఱ్ఱపట్టీలను ఏమిచేసితివని అడుగగా, పందెపుబాటకు పోయినపుడు అచటి కారులలో అచటి పట్టీలనే కట్టుకొందునని చెప్పెను. అవి ఇపుడు మా యింటి అటకమీద నున్నవి. మా పాలేరు వానితో దూడను కట్టెదనని అడిగినాడు గాని నేనింకను ఒప్పుకొనలేదు.

2025వ సంవత్సరము మే నెలలో కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు వచ్చినవి. మరల అదే కారు, అదే త్రోవ. మా యింటావిడ వెనుక కూర్చుండి, ఎవరును చెప్పకయే పట్టీ లాగి, గూటిలో టక్కుమని పెట్టుకొనెను. నేను ముందు కూర్చుండి కండువా సర్దుకొనుచు జాగుచేయుచుండగా, "ఏమండీ, మీది పడిందా?" అని వెనుకనుండి అడిగెను. పడినదను శబ్దము వినువఱకు మా మేనల్లుని బండి కదలనీయలేదు.